కోళ్ల జాలీ యాంటెన్నా నుంచి వాట్సాప్ దాకా

దూరం నుంచి పాఠం చెప్పడం కరోనాతోనే మొదలైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా ఊరికి 1975లోనే ఆకాశం నుంచి పాఠం దిగింది. అప్పుడు నేను ఐదో తరగతి. మాది ఉమ్మడి పాలమూరు జిల్లాలో, బస్సు దిగాక పొలాల గట్ల మీద నడిచి పోవాల్సిన ఊరు. బడి అంటే పెంకులు కప్పిన రెండు గదులు, ఇద్దరు సార్లు. కరెంటు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. టీవీ అనే మాటే ఊళ్లో చాలామంది వినలేదు. అలాంటి ఊరికి ఒకరోజు జీపు వచ్చింది. అందులోంచి ఒక పెద్ద పెట్టె, ఇనుప కడ్డీలు, జాలీ చుట్టలు దించారు.

పెట్టె సంగతి తెలియదు గానీ జాలీ మాకు బాగా తెలిసిందే. కోళ్ల గూళ్లకు కొట్టే జాలీ. దాన్ని కడ్డీల చట్రానికి బిగించి, పది అడుగుల వెడల్పున తిరగేసిన గొడుగులా చేసి, బడి పక్క ఖాళీ జాగాలో ఆకాశం వైపు తిప్పి నిలబెట్టారు. దాంట్లోంచి బొమ్మ ఎట్లా వస్తుందని మా తాత సార్‌ను అడిగాడు. సార్ తనకు తెలిసినంత చెప్పాడు. తాత నమ్మలేదు. గదిలో కిటికీలకు గోనెసంచులు కట్టి, పెట్టె మీట నొక్కాక, గాజు తెర మీద మనిషి మొహం కదిలి తెలుగులో మాట్లాడింది. అప్పుడు నమ్మాడు.

ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ పాఠాలు చూపించిన ఆ పని పేరు ‘సైట్’ అని, అది ప్రపంచంలోనే పెద్ద ప్రయోగాల్లో ఒకటని నేను చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికా నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన ఇస్రో ఒక ఏడాది వాడుకుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు నేరుగా ఉపగ్రహం నుంచే బొమ్మ అందింది. టీవీ సెట్లు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. తెలుగు కార్యక్రమాలు తయారైంది కూడా హైదరాబాద్‌లోనే. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు. పెద్దవాళ్లకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ లాంటివి ఉండేవి. నగరాల్లో కూడా చాలా ఇళ్లు టీవీ ఎరగని రోజుల్లో, పాలమూరు పల్లెలో మేము నేల మీద బాసింపట్టు వేసుకుని సైన్సు కార్యక్రమం చూశామంటే ఇప్పటి పిల్లలు నన్ను వింతగా చూస్తారు.

పిల్లల కార్యక్రమం ఇరవై నిమిషాల పైచిలుకు ఉండేది, అంతే. దానికి ముందు మా పెద్దసార్ రెండు మాటలు చెప్పేవాడు. అయిపోయాక ప్రశ్నలు అడిగేవాడు. ఒకసారి గాలి గురించి పాఠం వచ్చింది. మధ్యలో తెర మీది మనిషి ఏదో ప్రశ్న అడిగాడు. నా పక్కన కూర్చునే పిల్లవాడు ఠక్కున చెయ్యెత్తాడు. టీవీలో మనిషి చూడలేదు, తన పాటికి తాను చెప్పుకుంటూ పోయాడు. వాడు చెయ్యి దించకుండా అట్లాగే కూర్చున్నాడు. వెనక నిలబడ్డ పెద్దసార్ చూశాడు. కార్యక్రమం అయిపోగానే “నువ్వు చెప్పురా, ఇందాక చెయ్యెత్తినవ్ గదా” అన్నాడు. వాడు ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. సార్ అడగడం మాత్రం గుర్తుంది. ఆ రోజు పాఠం నాకు ఇప్పటికీ గుర్తుండటానికి టీవీ కన్నా ఆ సారే కారణమని నా నమ్మకం. సార్ సెలవు పెట్టిన రోజుల్లో కూడా మేము టీవీ చూశాం. వాటిలో ఒక్కటీ గుర్తు లేదు.

ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. పెట్టె బడిలోనే ఉండిపోయింది. తర్వాత చాలా రోజులు ఊళ్లోవాళ్లు “మళ్ల ఎప్పుడొస్తది సార్” అని అడుగుతూనే ఉన్నారు.

ఎనభైల చివర నేనూ సార్‌నయ్యాను. మొదటి పోస్టింగ్ ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకే గది, ఐదు తరగతులు, నేనొక్కడిని. ఆ ఒంటరితనం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పిల్లలు ఉంటారు, ఊరు ఉంటుంది, అయినా ‘ఈ లెక్క వీళ్లకు ఎట్లా చెప్పాలి’ అని అడగడానికి మరో సార్ ఉండడు. రెండో తరగతి పిల్లలకు ‘అప్పు తీసుకునే’ తీసివేతలు ఎక్కడం లేదు. నేను ఎన్ని రకాలుగా చెప్పినా అక్కడే ఆగేవాళ్లు. అప్పట్లో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం, మేమంతా ‘అపెప్’ అనేవాళ్లం, దాని కింద ఉపాధ్యాయ కేంద్రాల్లో సమావేశాలు పెట్టేవాళ్లు. ఆ సమావేశంలో టీ తాగుతుండగా పక్క ఊరి మేడం చెప్పారు, కందిపుల్లలు పదేసి కట్టలు కట్టి పిల్లల చేతే కట్ట విప్పించమని. మర్నాడు అట్లాగే చేశాను. కట్ట విప్పి పది పుల్లలు విడిగా పరిచిన తర్వాత ‘అప్పు’ అంటే ఏంటో వాళ్లకు చేతులతో తెలిసింది. అంత చిన్న మాట కోసం నేను తర్వాతి సమావేశం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మా దగ్గర లేనిది పుస్తకమో సామానో కాదు. ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ కింద సైన్సు కిట్లు, పటాలు వచ్చాయి. మాట్లాడుకోవడానికి దారి లేదు. జీవో వచ్చినా, బదిలీల కబురు వచ్చినా, మండలాఫీసుకు పోయిన మనిషి తిరిగొచ్చి చెబితేనే తెలిసేది.

తర్వాత రేడియో కాలం. రెండు వేల సంవత్సరం దాటాక ‘విందాం నేర్చుకుందాం’ అని ఆకాశవాణిలో ప్రాథమిక తరగతుల పిల్లల కోసం ఒక కార్యక్రమం వచ్చేది. నాకు చాలా ఇష్టమైన కార్యక్రమం అది. పాటలు ఉండేవి, కథలు ఉండేవి, నటించి చూపించమనేవాళ్లు. రేడియోలో అక్క ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పడానికి కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ మొదలుపెట్టేది. పిల్లలు గట్టిగా అరిచి జవాబు చెప్పేవాళ్లు. పాలమూరు పల్లెలో పిల్లలు రేడియోతో మాట్లాడటం చూస్తే ముచ్చటేసేది.

మా బడిలో ఒక అమ్మాయి ఉండేది, నిదానస్తురాలు. తెలివి తక్కువ పిల్ల కాదు, ప్రతిదీ లోపల ఒకసారి అనుకుని అప్పుడు పైకి చెప్పే పిల్ల. ఆమె నోరు తెరిచేసరికి రేడియో అప్పటికే “శభాష్” అనేసేది. ఆ పిల్ల మొహం చూసి నేను ఒక పని చేయడం మొదలుపెట్టాను. కార్యక్రమం అయిపోయాక అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, ముందుగా ఆమెకే టైమ్ ఇచ్చేవాణ్ని. మా పెద్దసార్ నుంచి నేర్చుకున్నది అదే.

ఆ వెనకే ‘మన టీవీ’ వచ్చింది, ప్రభుత్వం పాఠాల కోసం నడిపిన ఉపగ్రహ ఛానెల్. అప్పటికి నాకు ప్రమోషన్ వచ్చి హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. బడికి డిష్, టీవీ వచ్చాయి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్‌ను పంపారు. చదువు కోసమే పంపిన ఉపగ్రహం అని పేపర్లో చదివి నేను ఆ కటింగ్‌ను స్టాఫ్ రూమ్ గోడకు అంటించాను. నా చిన్నప్పటి సైట్ గురించి తోటి సార్లకు చెబితే ఎవరూ దాని గురించి వినలేదు. మన టీవీలో పదో తరగతి పాఠాలు చాలా బాగుండేవి. హైదరాబాద్‌లో మంచి పేరున్న లెక్చరర్లు చెప్పేవాళ్లు. ప్రత్యక్ష ప్రసారం ఉన్నప్పుడు ఫోన్ చేసి సందేహాలు కూడా అడగొచ్చు. మా బడికి ఫోన్ లేదు. ఎస్టీడీ బూత్ ఊరి ఆ చివర ఉంది. అడగాలనుకున్న పిల్లవాడు అక్కడికి పరుగెత్తేలోపు పాఠం అయిపోతుంది. అందుకని మేము ప్రశ్నలు నోటుబుక్కులో రాసి పెట్టుకునేవాళ్లం. కరెంటు కోతల కాలం కూడా అది. పాఠం మధ్యలో తెర నల్లబడితే పిల్లలు నా వైపు తిరిగేవాళ్లు. నేను చాక్‌పీసు అందుకునేవాణ్ని.

ఆ మన టీవీయే తెలంగాణ వచ్చాక, 2017లో టీ-శాట్‌గా పేరు మార్చుకుంది. విద్య, నిపుణ అని రెండు ఛానెళ్లు.

కంప్యూటర్ల గురించి ఎక్కువ చెప్పను. 2008 ప్రాంతంలో హైస్కూళ్లకు కంప్యూటర్లు, కాంట్రాక్టు మీద ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు. పిల్లలు చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి గుడిలోకి పోయినట్టు పోయేవాళ్లు. కొన్నేళ్లకు కాంట్రాక్టు ముగిసింది, ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయారు. యంత్రాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. నేర్పే మనిషిని తీసేసి యంత్రాన్ని ఉంచితే ఏమవుతుందో ఆ గది చూసినవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. దానికి నెట్ లేదన్నది కూడా మరిచిపోకూడదు. బయటి ప్రపంచంతో మాట్లాడని కంప్యూటర్‌లో పిల్లలు ఎన్నాళ్లని బొమ్మలు గీస్తారు?

అసలు మార్పు నా దృష్టిలో 2016లో వచ్చింది. ఆ సెప్టెంబరులో జియో మొదలయ్యాక డేటా ధర పడిపోయింది, పల్లెల్లో చేతికో స్మార్ట్‌ఫోన్ కనిపించసాగింది. మొదట దాన్ని బాగా వాడుకుంది పిల్లలు కాదు, మేమే. మా జిల్లా ఫిజిక్స్ టీచర్లమంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మొదట్లో శుభోదయాలు, పండుగ శుభాకాంక్షలే ఎక్కువ. నెమ్మదిగా అది మారింది. ఒక సార్ చెప్పుల డబ్బాకు సూదితో బెజ్జం పెట్టి, వెనక నూనె రాసిన కాగితం అంటించి సూదిబెజ్జం కెమెరా చేసి, తన బడి పిల్లలు అందులోంచి తలకిందులు చెట్టును చూస్తున్న వీడియో పెట్టారు. రాత్రి నేను చూశాను. మర్నాడు మా పిల్లలు ఇళ్ల నుంచి డబ్బాలు తెచ్చారు. మధ్యాహ్నం నేను మా వీడియో పెట్టాను. సాయంత్రానికి ఇంకో మేడం, బెజ్జం పెద్దదైతే బొమ్మ ఎందుకు మసకబారుతుందో పిల్లల చేత చేయించి చూపించారు. కందిపుల్లల కట్టల కోసం సమావేశం దాకా ఆగిన మనిషిని నేను. ఆ రాత్రి ఆ మూడు వీడియోలు వరుసగా చూసుకుంటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

డిజిటల్ విద్య అనగానే అందరూ పిల్లల చేతుల్లోని ట్యాబ్‌ల గురించే మాట్లాడతారు. ఒంటరిగా ఉన్న సార్‌కు ఇంకో సార్ దొరకడం గురించి ఎవరూ రాయరు. 2017లో కేంద్రం ఆన్‌లైన్ పాఠాల కోసం దీక్ష పోర్టల్ పెట్టింది, తర్వాత పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి, అవీ ఉపయోగమే. కానీ ‘నాలుగో పాఠం మూడో కృత్యం మా దగ్గర రావట్లేదు, మీరెట్లా చేశారు’ అని అడిగితే జవాబు చెప్పేది గ్రూపులో ఉన్న మనిషే.

ఇక కరోనా. 2020 మార్చి 19న పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి, మూడు పేపర్లు కాగానే ఆగిపోయాయి. జూన్‌లో రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఆగస్టు చివర మమ్మల్ని బడికి రమ్మన్నారు. పిల్లలు లేని బడి. మా మొదటి పని ఇల్లిల్లూ తిరిగి లెక్క రాయడం: ఈ ఇంట్లో టీవీ ఉందా, స్మార్ట్‌ఫోన్ ఉందా, రీఛార్జ్ ఎవరు చేయిస్తారు, ఫోన్ పగలు ఇంట్లో ఉంటుందా. చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైందని రెండు వీధులు తిరిగేసరికి అర్థమైంది. చాలా ఇళ్లలో ఫోన్ ఉంది, కానీ అది తండ్రితో పాటు పొద్దున్నే పనికి పోతుంది. టీవీ లేని పిల్లలను పక్కింటివాళ్లకు అప్పజెప్పాం. పంచాయతీ ఆఫీసులో టీవీ పెట్టించాం. సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠాలు మొదలయ్యాయి.

పాఠం వచ్చే టైముకు మేము వీధుల్లో తిరిగేవాళ్లం. ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్లు ఒకే టీవీ ముందు వాళ్ల వాళ్ల క్లాసు కోసం వంతులు వేసుకునేవాళ్లు. ఇంకో ఇంట్లో పిల్లవాడు టీవీ పెట్టి దాని ముందే నిద్రపోయాడు, వాళ్ల అవ్వ మాత్రం శ్రద్ధగా చూస్తోంది. “నేను జూస్తున్న సారూ, వాడు లేస్తే జెప్త” అంది. ఆమె మాటలో ఎంత నిజాయితీ ఉందో నాకు ఇప్పటికీ తలపుకు వస్తుంది.

ఆ పాఠాలకు 1975 నాటి పాఠాలకు పెద్ద తేడా ఏమీ లేదు. తెర రంగులకు మారింది, అంతే. తెర మీది సార్ అప్పుడూ చెయ్యెత్తిన పిల్లవాణ్ని చూడలేదు, ఇప్పుడూ చూడలేడు. తేడా వచ్చింది రాత్రిపూట. మేము క్లాసుకో వాట్సాప్ గ్రూపు పెట్టి, హోంవర్క్ ఫొటోలు, ప్రశ్నలు పంపమన్నాం. తండ్రులు పని నుంచి వచ్చాక ఫోన్ పిల్లల చేతికి చిక్కేది. తొమ్మిది దాటాక నా ఫోన్ మోగడం మొదలయ్యేది.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. మూడేళ్లుగా మా బడిలోనే చదువుతోంది. క్లాసులో ఆమె గొంతు నేను సరిగ్గా విన్నట్టే లేను. పేరు పిలిస్తే లేచి నిలబడి తల దించుకునేది. వక్రీభవనం, అంటే కాంతి వంగడం గురించిన పాఠం వచ్చిన మర్నాడు రాత్రి ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఎవరివో గిన్నెల చప్పుళ్లు. “సార్, నిన్న టీవీల చెప్పిన్రు గదా, నీళ్లల్ల కట్టె పెడితే వంగినట్టు కనవడ్తదని. నేను మా గోలెంల పెట్టి చూసిన. వంకరగ పెట్టి పక్క నుంచి చూస్తే వంగింది. నిట్టనిలువుగ పెట్టి మీది నుంచి చూస్తే వంగలే సార్. ఎందుకు?”

ఇన్నేళ్లు ఆ పాఠం చెప్పాను. క్లాసులో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను జవాబు చెప్పేయలేదు. “వంగలేదు సరే, కట్టె పొడుగు అంతే ఉందా? రేపు వెలుతురులో మళ్లీ చూడు తల్లీ” అని పంపాను. మర్నాడు రాత్రి దాకా ఆగడం నాకే కష్టమైంది. “పొట్టిగయ్యింది సార్! గోలెం అడుగు గూడ మీదికి వచ్చినట్టు కొడ్తున్నది!” ఆ గొంతులో సంతోషం నేను రాసి చెప్పలేను. అప్పుడు వివరించాను: నీటి ఉపరితలానికి లంబంగా వచ్చే కాంతి దారి మారదు, అందుకే కట్టె వంగలేదు, కానీ పక్కకు వచ్చే కిరణాలు వంగడం వల్ల అడుగు పైకి లేచినట్టు, కట్టె కురచైనట్టు కనిపిస్తుంది. కాగితం మీద బొమ్మ గీసి ఫొటో పంపాను. ఆ మెసేజ్‌లన్నీ గ్రూపులో వినిపించనా అని ఆమెను అడిగాను. వద్దంది. రెండు రోజులాగి “పెట్టండి సార్” అంది. పెట్టాక గ్రూపులో ఎన్ని గోలేలు, బకెట్లు, తొట్ల ఫొటోలు వచ్చాయో.

క్లాసులో అందరి ముందు లేచి అడగలేని పిల్లలు చాలామంది ఉంటారు, ముఖ్యంగా ఆడపిల్లలు. వాళ్లకు ప్రశ్న లేక కాదు. ప్రశ్నను నోట్లో రెండుసార్లు సరిచూసుకుని, నచ్చకపోతే తుడిచేసి మళ్లీ చెప్పుకునే వీలు ఆ వాయిస్ మెసేజ్ ఇచ్చింది. రేడియో “శభాష్” అనేలోపు జవాబు చెప్పలేకపోయిన నా పాత విద్యార్థినికి ఇది దొరికి ఉంటే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనుకున్నాను.

దీన్ని చూపించి ఆన్‌లైన్ చదువు గొప్పదని నేను అనను. ఆ ఏడాదిన్నరలో మేము పోగొట్టుకున్న పిల్లలు నాకు ఇంకా కళ్ల ముందే ఉన్నారు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. మార్చి చివర మళ్లీ మూశారు. ప్రాథమిక పాఠశాలల పిల్లలైతే 2020 మార్చిలో ఇంటికి పోయినవాళ్లు 2021 సెప్టెంబరులోనే మళ్లీ బడి గడప తొక్కారు. రెండో తరగతిలో పోయి నాలుగో తరగతిలో వచ్చారు. అక్షరాలు మరిచిపోయారు. ఆ వయసులో పిల్లకు వేలు పట్టి దిద్దించాలి, పక్కన కూర్చుని చదివించాలి. ఏ తెరా ఆ పని చేయలేదు. పత్తి చేలల్లో కూలికి పోయిన మగపిల్లలు కొందరు తిరిగి రానేలేదు. ఒక అమ్మాయికి పెళ్లయిపోయింది. ఇంటికి పోయి తల్లిదండ్రులతో మాట్లాడాం, ప్రయోజనం లేకపోయింది. కనెక్షన్ ఉన్న పిల్లలకు, లేని పిల్లలకు మధ్య ఆ రోజుల్లో పెరిగిన దూరం పూడ్చడానికి ఎన్ని వర్క్‌షీట్లు పంచినా చాలలేదు.

సర్కారు బడులను బాగుచేసే ‘మన ఊరు - మన బడి’ పథకం తర్వాత మా హైస్కూలుకు పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. చివరి ఏళ్లలో నేను వాటిని చాలా ఇష్టంగా వాడాను. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ‘ఫెట్’ అని సైన్సు సిమ్యులేషన్లు ఉన్నాయి. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టించినవి. ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. అందులో విద్యుత్ వలయం కడితే తీగలోపల ఎలక్ట్రాన్లు కదలడం కనిపిస్తుంది. బల్బును సమాంతరంగా కలిపితే ఏమవుతుందో, శ్రేణిలో కలిపితే ఏమవుతుందో పిల్లలే వచ్చి వేలితో లాగి చూసేవాళ్లు. నా పద్ధతి మాత్రం ఒకటే. ముందు టార్చిలైట్ సెల్లు, బల్బు, తీగలు చేతికిచ్చేవాణ్ని. వెలిగించమనేవాణ్ని. కొందరికి వెలిగేది కాదు, తీగ వదులుగా ఉండేది, సెల్లు అయిపోయి ఉండేది. అవన్నీ పడ్డాకే ప్యానెల్ దగ్గరికి. సిమ్యులేషన్‌లో తీగ ఎప్పుడూ వదులవదు. వదులైన తీగను వెతకడం రాని పిల్లవాడికి ఫిజిక్స్ వచ్చిందని నేను అనుకోను.

కొన్ని విషయాల్లో నాకు బాధ ఉంది, దాచను. ఫోన్ వచ్చిన కొత్తలో అది మాకు తోడుగా వచ్చింది. తర్వాత్తర్వాత సార్ల చేత ఫొటోలు పంపించుకునే యంత్రమైంది. మధ్యాహ్న భోజనం వివరాలు ఒక యాప్‌లో, హాజరు ఒక యాప్‌లో, కార్యక్రమం జరిగినట్టు ఫొటో ఇంకో చోట. మొదటి పీరియడ్‌లో నెట్‌వర్క్ దొరక్క కిటికీ దగ్గర ఫోన్ పైకెత్తి నిలబడ్డ సార్లను పిల్లలు కూర్చుని చూస్తుంటారు. ఆ పది నిమిషాలు పిల్లలవి. వాళ్ల నుంచి తీసుకుంటున్నామని ఎవరూ లెక్క రాయరు. ట్రైనింగులు కూడా ఆన్‌లైన్‌లోకి పోయాయి. ప్రయాణం తప్పింది, నిజమే. టీ తాగేటప్పుడు పక్క ఊరి మేడం చెప్పే మాట కూడా తప్పిపోయింది. ఏడాదికి కొన్ని సమావేశాలైనా ఎదురెదురుగా కూర్చుని జరగాలని నేను రిటైరయ్యే దాకా అడుగుతూనే ఉన్నాను. తెలుగులో మంచి సైన్సు వీడియోలు ఇప్పటికీ చాలినన్ని లేవు. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. నాకు బాగా నచ్చిన పని అది. వీడియోలు కూడా అట్లా రావాలి.

ఇక మా పాలమూరు సంగతి. వలసల జిల్లా. బొంబాయి, పుణె, హైదరాబాద్‌లలో మట్టిపనికి, బిల్డింగుల పనికి పోయినవాళ్లు లేని ఊరు మా దగ్గర లేదు. పిల్లలను అవ్వ తాతల దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో వదిలి పోతారు. నా సర్వీసు మొదట్లో ఆ తల్లిదండ్రులు మాకు పండుగకు తప్ప కనపడేవాళ్లు కాదు. పిల్లవాడు చదువుతున్నాడో లేదో వాళ్లకు తెలిసే దారి లేదు. వాళ్లు పంపే ఉత్తరాలు కూడా ఎవరితోనో రాయించినవి.

కరోనా తర్వాత ఒక ఆదివారం సాయంత్రం పుణె నుంచి ఒక తండ్రి వీడియో కాల్ చేశాడు. వెనక కట్టుబడి సగంలో ఉన్న బిల్డింగు. “సారూ, మావోడు మంచిగ చదువుతున్నడా?” అన్నాడు. వాడు మా ఇంటికి రెండిళ్ల అవతలే ఉంటాడు. పిలిపించి, తెలుగు వాచకంలోంచి ఒక పేజీ చదవమన్నాను. వాడు ఫోన్ ముందు నిలబడి చదివాడు. రెండు చోట్ల తడబడ్డాడు. తండ్రికి చదువు రాదు, తడబాటు పట్టుకోలేడు. పక్కన నిలబడ్డ ఇంకో మేస్త్రీ, మా మండలంవాడే, “ఆ మాట మల్లొకపారి సదువు బిడ్డా” అని సరిచేశాడు. పేజీ అయిపోయాక తండ్రి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “వచ్చే ఐతారం గూడ సదివిపిస్తరా సారూ” అని అడిగాడు.

ఆ మాట చుట్టుపక్కల పాకింది. ఇంకో ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు అడిగారు. బడి గది తాళం తీసి ఆదివారం సాయంత్రాలు ఒక గంట అదే పని పెట్టుకున్నాం. కాల్ కలిసినవాళ్లు కలుస్తారు, కలవనివాళ్ల కోసం పిల్లలు చదివింది రికార్డు చేసి పంపుతాం, వాళ్లు పని దిగాక వింటారు. ఒక తల్లి బొంబాయి నుంచి తిరిగి వాయిస్ మెసేజ్ పెట్టేది. ఆ పాఠంలోని కథ తన చిన్నప్పుడు వాళ్ల అవ్వ వేరే రకంగా చెప్పేదని, ఆ రకం కథ మొత్తం చెప్పింది. పిల్లలంతా చుట్టూ చేరి విన్నారు. నేను ఈమధ్యే రిటైరయ్యాను. ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆ పని తెలుగు మేడం చూసుకుంటున్నారు. డేటా రీఛార్జ్ డబ్బులు పాత విద్యార్థులు కొందరు పంచుకుంటున్నారు. మీలో ఎవరైనా వలస ఊళ్లలో పనిచేసే టీచర్లు ఉంటే మీ దగ్గర కూడా మొదలుపెట్టండి. ఎట్లా చేయాలో అడగాలంటే నాకు మెసేజ్ పెట్టండి, వాయిస్ అయినా సరే.